శిక్షణ విమానం కూలిన ప్రతిసారీ 'సాంకేతిక లోప'మేనా?

సంపాదకుల వారికి,

నమస్కారం. శిక్షణ విమానం ఎక్కడ కూలినా, మర్నాటి పత్రికల్లో 'సాంకేతిక లోపమే కారణమని ప్రాథమికంగా భావిస్తున్నారు' అన్న వాక్యం తప్పకుండా కనిపిస్తుంది. 2019 అక్టోబరులో వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ పొలాల్లో సెస్నా కంపెనీ చిన్న విమానం కూలి ఇద్దరు శిక్షణార్థులు చనిపోయారు. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర ఒంటరిగా విమానం నడుపుతున్న యువతి ప్రాణాలు కోల్పోయారు. రెండుసార్లూ నాలుగు రోజుల పాటు ఊహాగానాలు సాగి, తర్వాత ఆ ఊసే లేకుండా పోయింది. ఇరవై ఏళ్లకు పైగా శిక్షణ విమానాల నిర్వహణ ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను ఈ విషయంలో కొన్ని మాటలు మీ పాఠకుల ముందుంచదలిచాను. ఇంజనీరును కాబట్టి యంత్రాన్ని వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు. అందుకే యంత్రం సంగతి కూడా దాచకుండా చెబుతాను.

ప్రపంచమంతటా చిన్న విమానాల్లో ప్రాణాలు తీసే ప్రమాదాలకు అన్నిటికంటే పెద్ద కారణం ఇంజన్ కాదు, గాలిలో ఉండగా విమానం అదుపు తప్పడం. విమానం వేగం తగ్గి, ముక్కు మరీ పైకి లేచినప్పుడు రెక్క మీద గాలి ప్రవాహం చెదిరిపోయి, అది విమానాన్ని మోయలేని స్థితి వస్తుంది. దీన్నే స్టాల్ అంటారు. ఇంజన్ ఆగిపోవడానికీ దీనికీ సంబంధం లేకపోయినా, మన వార్తల్లో రెండూ తరచుగా ఒకటైపోతుంటాయి. తిన్నగా ఎగురుతున్నప్పటి కంటే వంపు తిరుగుతున్నప్పుడు స్టాల్ ఎక్కువ వేగంలోనే వస్తుంది. ఎత్తు నిలుపుకుంటూ 45 డిగ్రీల వంపులో తిరిగితే ఆ వేగం 19 శాతం, 60 డిగ్రీల్లో 41 శాతం పెరుగుతుంది. రన్‌వేకు ఎదురుగా రావడానికి చివరి మలుపు తిరిగేటప్పుడు విమానం నేలకు ఐదారు వందల అడుగుల ఎత్తులోనే ఉంటుంది. మలుపు ఆలస్యమై రన్‌వే వరసను దాటిపోయిన కుర్రవాడు కంగారుపడి, కాలితో రడ్డర్ (తోక మీది చుక్కాని) తొక్కి ముక్కును లోపలికి లాగబోతాడు. అది దిగుతున్నట్టు అనిపించగానే చేతిలోని కంట్రోల్‌ను వెనక్కి లాగుతాడు. లోపలి రెక్క ముందుగా స్టాలై విమానం గిరికీలు కొడుతుంది. మూడు నాలుగు వేల అడుగుల మీద తేరుకోగలిగిన విమానానికి అక్కడ తేరుకునే చోటు ఉండదు.

టేకాఫ్ తర్వాత నిజంగానే ఇంజన్ ఆగిన సందర్భాల్లో కూడా చాలాసార్లు ప్రాణం తీసేది ఈ స్టాలే. ఇంజన్ లేని సెస్నా రాయిలా పడిపోదు. వెయ్యి అడుగుల ఎత్తు నుంచి సుమారు రెండున్నర కిలోమీటర్లు జారుతూ పోగలదు. ఎదురుగా ఉన్న పొలంలో దించితే రెక్కలు విరిగినా మనిషి బతికే అవకాశం ఎక్కువ. కానీ వెనకే ఉన్న రన్‌వే మీద ఆశ చావక, నాలుగైదు వందల అడుగుల నుంచే వెనక్కి తిరగబోయి నేలకు గుద్దుకున్నవారు ఎందరో.

దీనికి మన ఎండలు తోడవుతాయి. బేగంపేట విమానాశ్రయం సముద్ర మట్టానికి 1,742 అడుగుల ఎత్తున ఉంది. మే నెలలో 41 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి ఎంత పలచబడుతుందంటే, విమానం దృష్టిలో ఆ రన్‌వే సుమారు 5,300 అడుగుల మీద, అంటే ఇంచుమించు అర్మకొండ శిఖరమంత ఎత్తున ఉన్నట్టే లెక్క. 110 హార్స్‌పవర్ సెస్నా 152లో ఇద్దరు ఎక్కి, పెట్రోలు నింపుకుని ఆ వేళ లేస్తే, పొద్దున ఆరింటికి సునాయాసంగా ఎక్కిన ఎత్తు ఎక్కడానికే అది ఆయాసపడుతుంది.

ఇక యంత్రం సంగతి. సెస్నా 152 తయారీ 1985లోనే ఆగిపోయింది కాబట్టి ఇవాళ ఎగురుతున్నవన్నీ దాదాపు నలభై ఏళ్లవో, అంతకు పైబడినవో. వయసు దానంతట అది ప్రమాదం కాదు. గంటల లెక్కన విప్పి, చూసి, మార్చాల్సినవి మారుస్తుంటే అవి నమ్మకంగానే ఎగురుతాయి. నేను చూసినంతలో ఇంజన్‌ను ఇబ్బంది పెట్టినవి ఎక్కువగా విరిగిన భాగాలు కావు, నీళ్లూ మంచూ. ఇంజన్‌కు గాలినీ పెట్రోలునూ కలిపి అందించే కార్బ్యురేటర్ ఇరుకు గొంతులోంచి గాలి దూసుకుపోతూ, పెట్రోలు ఆవిరవుతున్నప్పుడు అక్కడ ఉష్ణోగ్రత ఒక్కసారిగా 20 డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. తేమ నిండిన వానాకాలపు రోజున బయట 28 డిగ్రీలున్నా లోపల మంచు పేరుకుంటుంది. దిగడానికి పవర్ తగ్గించినప్పుడు ఈ ముప్పు మరీ ఎక్కువ. అక్కడికి వేడి గాలి పంపే కార్బ్ హీట్ మీట లాగితే మంచు కరుగుతుంది, లాగడం మరిచిపోతే ఇంజన్ ఊపిరాడక ఆగుతుంది. దర్యాప్తు బృందం శకలాల దగ్గరికి చేరేసరికి ఆ మంచు జాడ కూడా మిగలదు.

నీళ్ల సంగతికి నా కళ్లెదుట జరిగినదే చెబుతాను. రాత్రంతా వాన కురిసి వెలిసిన ఒక ఆగస్టు ఉదయం, సోలోకు, అంటే ఒంటరిగా ఎగరడానికి, వెళ్లాల్సిన శిక్షణార్థి రెక్క కింద ట్యాంకు అడుగునుంచి గాజులాంటి కప్పులోకి పెట్రోలు పట్టి, పైకెత్తి చూసి, 'క్లీన్ సార్' అన్నాడు. పెట్రోలు కింద నీళ్లుంటే రెంటికీ మధ్య గీత కనిపిస్తుందని అతనికి నేర్పారు, గీత లేదు కాబట్టి నీళ్లు లేవనుకున్నాడు. ఆ కప్పును తెల్లటి రెక్క పక్కన పెట్టి చూస్తే విమాన పెట్రోలుకు ఉండాల్సిన లేత నీలం రంగు లేదు. కప్పు నిండా నీళ్లే. ట్యాంకు మూత రబ్బరు ఎండి పగిలి రాత్రి వాన లోపలికి దిగింది. మరో మూడు కప్పులు పారబోస్తే గానీ నీలం రంగు రాలేదు. ఆ మూత రబ్బరు అంతకు వారం ముందే చెడిందని ఇంకో శిక్షణార్థి నాతో నోటిమాటగా అన్నాడు. విమానం లోపాలు నమోదు చేసే టెక్ లాగ్‌లో మాత్రం రాయలేదు. రాస్తే ఆ స్నాగ్ (లోపం) తీరేదాకా విమానం హాంగర్ షెడ్డులోనే ఉంటుంది, అతని వంతు ఇంకో పది రోజులు వెనక్కి పోతుంది. నోటిమాట విని ఊరుకున్న తప్పు నాదీ. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఈ అలవాటు ఒక్క చోటిది కాదు.

అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు మన దేశంలో 200 గంటలు ఎగరాలి. తల్లిదండ్రులు పొలమో ఇల్లో తాకట్టు పెట్టి లక్షలు కట్టిన కోర్సులో, విమానాలు తక్కువై, ఇన్‌స్ట్రక్టర్లు చాలక, నెలల తరబడి ఖాళీగా కూర్చున్న పిల్లవాడికి ఒక గంట దొరికితే మబ్బు చూసి వెనక్కి తగ్గడం అంత తేలిక కాదు. పరికరాల ఆధారంగా నడపడం రానివారు మేఘంలో చిక్కితే ఏమవుతుందో 1954లోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు 20 మందితో పరీక్షించి చూశారు: అందరూ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో. 2023 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని రీవా దగ్గర శిక్షణ విమానం ఒకటి పొగమంచులో గుడి శిఖరానికి తగిలి కూలింది. అంతకుముందు 2017 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని గోండియా నుంచి బయల్దేరిన ఇంకొకటి వైన్‌గంగ నది మీది రోప్‌వే తీగకు చిక్కి ఇద్దరిని బలిగొంది. రెండోదాంట్లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇంజన్ గురించి కాదు, తీగ ఉన్నంత కిందికి విమానం ఎందుకు దిగిందన్నది.

దిగేటప్పుడు ఎగిరెగిరి పడడం, ముందు చక్రం విరగడం, రన్‌వే పక్కకు జారడం వంటివి సంఖ్యలో ఎక్కువైనా ప్రాణాల మీదికి తెచ్చేవి తక్కువ. కానీ మొదటి ఎగురుపాటుకే పవర్ పెట్టి మళ్లీ పైకి లేవమని చెప్పాల్సిన ఇన్‌స్ట్రక్టర్ ఆ రోజు ఏడో సార్టీలో (ఏడోసారి ఎగిరినప్పుడు) అలసిపోయి ఉంటే, ఆ మాట ఒక్క క్షణం ఆలస్యంగా వస్తుంది.

2012లో ఏర్పడిన విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ, ఏఏఐబీ, తన తుది నివేదికలను వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఎవరినో శిక్షించడానికి కాక, మళ్లీ అలా జరగకుండా చూడడానికి రాసేవి కాబట్టి ఆఖరి పావుగంటలో ఏం జరిగిందో, శిక్షణ సంస్థ ఏ నియమం దాటిందో వాటిలో ఉంటుంది. అవి ఇంగ్లీషులో, సాంకేతిక భాషలో, ప్రమాదం అందరూ మరిచిపోయాక వస్తాయి. మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. మన రెండు రాష్ట్రాల్లో జరిగిన ప్రమాదాల తుది నివేదికలు వెలువడినప్పుడు, మొదటి రోజు వార్తకు ఇచ్చినంత చోటే ఇచ్చి వాటి సారాన్ని తెలుగులో అచ్చువేయండి. పిల్లలను ఈ కోర్సులో చేర్చబోయే తల్లిదండ్రులు ఫీజు కట్టేముందు ఆ సంస్థలో ఎగరగలిగే విమానాలెన్ని, ఇన్‌స్ట్రక్టర్లెందరు అని అడగాలి. వీలైతే టెక్ లాగ్ చూపించమనాలి. నెలల తరబడి ఒక్క స్నాగ్ కూడా రాయని లాగ్ కనిపిస్తే, అక్కడ విమానాలు చెడిపోవడం లేదని కాదు, రాయడం లేదని అర్థం చేసుకోవాలి.

ఇట్లు,
విశ్రాంత విమాన నిర్వహణ ఇంజనీరు,
సికింద్రాబాద్