స్కాన్ రిపోర్టులో రాయని సంగతి

సంపాదకులకు,

పుట్టిన రెండు మూడు రోజుల్లో శిశువుకు ఒకవైపు చేయో కాలో మాత్రమే ఫిట్స్‌తో కొట్టుకుంటుంటే స్ట్రోక్‌ను అనుమానించి ఎంఆర్ఐ తీస్తారు. ‘ఎడమ మిడిల్ సెరిబ్రల్ ధమని ప్రాంతంలో ఇన్‌ఫార్క్ట్’ అని రిపోర్టు వస్తుంది, అంటే మెదడు ఎడమ సగంలో ఆ ధమని రక్తం అందించే భాగం రక్తం అందక దెబ్బతిందని. మెదడు ఎడమ సగమే శరీరం కుడి వైపును కదిలిస్తుంది కాబట్టి బిడ్డ కుడి చేయి పనిచేస్తుందా అని తల్లిదండ్రులు అడిగితే, ఆ ఒక్క వాక్యం చూసి ఎవరూ చెప్పలేరు.

చూడాల్సింది కార్టికోస్పైనల్ ట్రాక్ట్‌ను. కదలికల ఆదేశాలను వెన్నుపాముకు చేరవేసే ఈ నరాల కట్ట, మెదడు లోపలి ఇరుకు దారి అయిన ఇంటర్నల్ క్యాప్సూల్ వెనుక భాగం మీదుగా, మెదడు కాండం పైభాగంలోని సెరిబ్రల్ పెడంకిల్‌లోకి దిగుతుంది. కణజాలంలో నీటి కదలికను చూపే ఎంఆర్ఐ డిఫ్యూజన్ చిత్రాల్లో ఈ రెండు చోట్లా తెల్లగా, వాటి నుంచే లెక్కగట్టే ఏడీసీ మ్యాప్‌లో నల్లగా కనబడితే శరీరం అవతలి వైపు పక్షవాతం (హెమిప్లీజియా) వచ్చే ముప్పు చాలా ఎక్కువ. పెడంకిల్‌కు రక్తం ఆగకపోయినా ఈ మార్పు వస్తుంది. పైన దెబ్బతిన్న తంతువులు కిందిదాకా క్షీణిస్తున్నాయన్నమాట. కార్టెక్స్ (మెదడు పైపొర), బేసల్ గాంగ్లియా (కదలికలను సర్దే లోపలి కణాల గుంపులు), ఇంటర్నల్ క్యాప్సూల్ మూడూ దెబ్బతింటేనే ఎక్కువ భయం. కార్టెక్స్ ఒక్కటే దెబ్బతిన్న పిల్లల్లో చాలామంది చేతులు బాగానే ఉంటాయి, మచ్చ చూడ్డానికి పెద్దదైనా సరే.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది స్కాన్ తీసే సమయం దగ్గర. మొదటి రోజే తీస్తే ట్రాక్ట్‌లో మార్పు ఇంకా తేలకపోవచ్చు. వారం దాటాక తీస్తే, నష్టం అలాగే ఉన్నా డిఫ్యూజన్ చిత్రం మామూలుగా అనిపిస్తుంది. ఫిట్స్ మొదలైన రెండు నుంచి నాలుగు రోజుల మధ్య తీయడం మేలు. స్కాన్ చిత్రాలు 5 మిల్లీమీటర్ల మందం స్లైసులైతే పెడంకిల్ ఒకటి రెండింట్లోనే కనబడి జారిపోతుంది, 3 మిల్లీమీటర్లు పెట్టమనండి. పాలు పట్టి, బట్టలో గట్టిగా చుట్టి, చెవులు మూస్తే మత్తుమందు లేకుండానే చాలామంది శిశువులు నిద్రపోతారు. అల్ట్రాసౌండ్ బాగుందని ఊరుకోవద్దు, ధమని స్ట్రోక్‌లు అందులో తరచూ తప్పిపోతాయి. నెలలు నిండని బిడ్డకైతే గర్భంలోని కాలాన్నీ కలిపి 40-42 వారాల వయసు వచ్చాక మళ్లీ తీసి, ఇంటర్నల్ క్యాప్సూల్‌లో మైలిన్ (నరాల తంతువుల చుట్టూ ఉండే కొవ్వు తొడుగు) రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూడాలి.

స్కాన్ ఒక్కదాన్నే నమ్ముకోవడమూ సరికాదు. మూడు నెలలప్పుడు బిడ్డ తనంతట తాను కదిలే తీరును గమనించే జనరల్ మూవ్‌మెంట్స్ పరీక్ష, ఆపైన నరాల పనితీరు చూసే హామర్‌స్మిత్ పరీక్ష చేయాలి. ఏడాది లోపే బిడ్డ ఒక చేత్తోనే అన్నీ అందుకుంటుంటే ‘ఎడమచేతి వాటం’ అని మురిసిపోకుండా వైద్యుడికి చూపించాలి. ట్రాక్ట్ దెబ్బతిన్నట్టు తేలితే చేయి బిగిసేదాకా ఆగకుండా, మొదటి నెలల నుంచే ఆ చేతికి ఆటలతో ఫిజియోథెరపీ మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
పిల్లల నరాల వైద్యులు, రేడియాలజిస్టులు