నువ్వుంటున్న ఊరే మన జీటర్‌కి పుట్టిల్లు

అమ్మలూ,

మొన్న ఫోన్లో "షెడ్డులో ఆ పాత ఇనుము ఇంకా ఎందుకు నాన్నా, అమ్మేయొచ్చుగా" అన్నావు. నవ్వి ఊరుకున్నాను గానీ ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. నీ మీద కోపం కాదులే. నువ్వు ఉద్యోగం చేస్తున్న ఆ చెక్ దేశపు బ్రనోయే షెడ్డులో ఉన్న మన జీటర్ ట్రాక్టరు పుట్టిన ఊరు కూడా, ఆ సంగతి నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదే అని. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెబితే సగం నువ్వు వినవు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మనం జీటర్ అంటాం, అసలు పేరు జెటార్. మీ ఊళ్ళో జ్‌బ్రొయొవ్కా అని తుపాకుల ఫ్యాక్టరీ ఉండేది. ఈ పేరు నోరు తిరగడానికి నాకు వారం పట్టింది. మిలిటరీ వాళ్ళు బ్రెన్ గన్ అంటారు చూడు, దాని మూలం అక్కడ తయారైన మెషిన్ గన్నే, బ్రనోలో "బ్ర", ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డులో "ఎన్" కలిపి ఆ పేరు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ కంపెనీయే ట్రాక్టర్లకు దిగింది. కంపెనీ పేరులో మొదటి అక్షరం జెడ్‌ని చెక్ భాషలో "జెట్" అంటారట, దానికి ట్రాక్టర్‌లో చివరి "ఆర్" తగిలించారు, జెటార్ అయింది. 1946 మార్చి 15న మొదటి మూడు బండ్లు కొన్నవాళ్ళకు అప్పజెప్పారు. జెటార్ 25, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను.

మరి అది దివిసీమకి ఎలా వచ్చిందంటావా. అప్పట్లో మన దేశం దగ్గర డాలర్లు లేవు, చెకోస్లోవేకియా, రష్యా లాంటి దేశాలు రూపాయలు తీసుకుని సరుకు ఇచ్చేవి, అలా ఆ వైపు ట్రాక్టర్లు మనకి బాగా వచ్చాయి. 1971లో కేంద్ర ప్రభుత్వ కంపెనీ హెచ్‌ఎంటీ వాళ్ళు హర్యానాలోని పింజోర్‌లో జెటార్ 2511ని ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టారు. అవును, మీ అమ్మ పెళ్ళి వాచీ హెచ్‌ఎంటీయే. నువ్వు తినే హెచ్‌ఎంటీ బియ్యం మాత్రం వాళ్ళది కాదు, చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే తను కనిపెట్టిన వరికి ఆ వాచీ పేరు పెట్టుకున్నాడు. ఆ పేరుకి ఆ రోజుల్లో అంత మోజు.

1977 నవంబరు 19 ఉప్పెనలో మన రెండు జతల ఎడ్లూ పోయాయి. వాటి సంగతి మీ తాతయ్య బతికున్నన్నాళ్ళూ ఎత్తలేదు, ఎవరైనా ఎత్తినా లేచి వెళ్ళిపోయేవాడు. మరుసటి ఏడు అప్పు చేసి ఈ బండి కొన్నాడు, విజయవాడ నుంచి ఉయ్యూరు, చల్లపల్లి మీదుగా 60 కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. చీకటి పడ్డాక కాలవ గట్టు మీద ముందు చప్పుడు వినిపించింది, తరవాత లైట్లు.

మంచి బండేనా అంటే, దమ్ములో, అదే నాట్లకి ముందు నీళ్ళు పెట్టి బురద దున్నేటప్పుడు, నాకు ఎప్పుడూ నచ్చలేదు. బురదలో తిరిగే ఇనుప చట్రాల చక్రాలు, కేజీ వీల్స్, వేసి దించితే మన నల్లరేగడిలో దిగబడి ఆయాసపడేది, ఇంకో బండి తెచ్చి లాగాల్సిందే. స్టీరింగు తిప్పీ తిప్పీ సాయంత్రానికి భుజాలు పడిపోయేవి. కానీ విప్పి చూస్తే మాత్రం, అబ్బ! పద్నాలుగేళ్ళప్పుడు మొదటిసారి మెకానిక్ పక్కన గోనెసంచి మీద కూర్చుని చూశాను. హెడ్డు ఎత్తి, పిస్టన్ ఆడే గొట్టం, స్లీవు అంటారు, బయటికి లాగి, దాని అడుగున నల్ల రబ్బరు రింగులు చూపించి "నీళ్ళు ఆయిల్లో కలవకుండా ఆపేది ఇవేరా" అన్నాడు. ఇంజను గురించి నాకు తెలిసిందంతా ఆ మాట దగ్గరే మొదలు. ఆ చెక్ వాళ్ళు 1960 ప్రాంతంలో చేసిన పని చూడు, రెండు సిలిండర్ల బండికీ మూడింటి దానికీ నాలుగింటి దానికీ ఒకటే బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 95 మిల్లీమీటర్లు, ఒకటే స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 110. పెద్ద బండి కావాలంటే కొత్తగా ఇంజను గీయక్కర్లేదు, సిలిండర్ పెంచితే చాలు. సామాన్లు చాలావరకు ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి. చిన్న రైతు కోసం ఆలోచించినవాళ్ళే ఇలా చేస్తారనిపిస్తుంది నాకు. ఇప్పటి బండి ఆగిపోతే ల్యాప్‌టాప్ పట్టుకుని కంపెనీ మనిషి రావాలి.

2016లో హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగం మూసేయాలని కేంద్రం తీర్మానించింది. అప్పటికే స్పేర్లు గగనం. పోయిన సంక్రాంతికి ఒక షాపువాడు ఒరిజినల్ అని ఒట్టేసి ఇచ్చిన, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిల్ పది రోజులకే కారడం మొదలెట్టింది. మళ్ళీ పాతదే శుభ్రం చేసి బిగించాను. ఇప్పటికీ నెలకోసారి స్టార్ట్ చేస్తాను, మీ అమ్మ పొగ అని తలుపులు వేసుకుంటుంది.

ఇక నీతో పని. మీ ఊళ్ళో లీషెన్ అనే పేట ఉంది, జెటార్ కంపెనీ అక్కడే, పాత బండ్లు పెట్టిన గ్యాలరీ కూడా ఉందట. ముందు ఫోన్ చేసి కనుక్కుని ఒక సెలవు రోజు వెళ్ళు. ఫోటోలు నెట్‌లో బోలెడున్నాయి, అవి వద్దు. రెండు సిలిండర్ల బండి ఏదైనా స్టార్ట్ చేసి చూపిస్తారేమో అడుగు, మా నాన్న దగ్గర 2511 ఉంది అని చెబితే కాదనరనుకుంటా. చేస్తే సౌండ్ రికార్డు చెయ్యి, సైలెన్సర్ దగ్గర కాదు, ఇంజను పక్కన, చెయ్యంత దూరంలో నిలబడి, వేగం పెంచకుండా నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు. మన దానికి వాల్వులను తెరిచే ట్యాపెట్ల దగ్గర టిక్కు టిక్కుమంటోంది, అది జబ్బో, పుట్టుకతో వచ్చిన గుణమో తేలక రెండేళ్ళుగా గ్యాపు పెట్టడం, తీయడం, ఇదే పని.

ఒక నిమిషమన్నా ఉండాలి. పక్కన నువ్వు మాట్లాడకు.

నాన్న