బల్లార్షా తెలుగు వాళ్ల సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులకు, పెద్దలకు నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, పదో తరగతి పిల్లల సన్మానం ఎప్పటిలాగే జరిగాయి. పులిహోర వండిపెట్టిన అక్కలకు, షామియానా అద్దె తీసుకోని తమ్ముడికి, హాలు తాళాలు నమ్మి ఇచ్చిన మందిరం కమిటీకి సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోవలసింది పొగ పటం గురించి, అంటే మన చుట్టుపక్కల ఎక్కడ ఎంత పొగ, ధూళి పుడుతోందో చూపేలా మనమే గీసుకున్న పటం. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చాందాకు (చంద్రపూర్‌కు) వందకు 83.88 కాలుష్య స్కోరు వేసి, దేశంలో తీవ్రంగా కలుషితమైన 43 ప్రాంతాల్లో చేర్చింది. ఆ అంకె ప్రాంతమంతటికీ ఒక్కటే. ఏ వాడలో పొగ పుడుతోందో దాన్ని చూస్తే తెలియదు. ప్రపంచానికంతటికీ పొగ లెక్క వేసే యూరప్ వాళ్ల ఎడ్గార్ పటంలో ఒక్కో గడి 0.1 డిగ్రీ, అంటే సుమారు 11 కిలోమీటర్లు. అంత పెద్ద గడిలో మిల్లు, గని, బడి, మన ఇళ్లు అన్నీ ఒకే రంగులో కలిసిపోతాయి. అందుకే మనం కిలోమీటరు గళ్లు గీసుకున్నాం.

జిల్లా మొత్తం పొగను జనాభా లెక్కన పంచితే ఫ్యాక్టరీ పొగ సంత వీధిలో తేలుతుంది. కాబట్టి ప్రతి చిమ్నీ, ఇటుక బట్టీ, బొగ్గు డిపో, రైలు వ్యాగన్లు ఆగే సైడింగ్ ఉన్నచోటే ఫోన్ జీపీఎస్‌తో గుర్తుపెట్టాం. కాలిన బొగ్గును టన్నుకు ఇంత ధూళి అనే గుణకంతో హెచ్చించాం, బూడిద పట్టే యంత్రం ఉన్నచోట ఆ మేరకు తగ్గించాం. ఎత్తు కూడా రాశాం. 500 మెగావాట్ల థర్మల్ కరెంటు యూనిట్‌కు మామూలుగా 275 మీటర్ల పొగగొట్టం ఉండాలని నియమం, ఆ పొగ గాలివాటున దూరం పోతుంది. సైడింగ్‌లో లేచే ధూళి పిల్లల ముక్కు ఎత్తులోనే ఉంటుంది. టన్నులు తక్కువని ఆ గడిని తేలిగ్గా తీసుకోకండి.

ఉగాది సభలో పటం గోడకు కట్టగానే, గనిలో పనిచేసి రిటైరైన ఒక బాబాయి లేచి వచ్చాడు. "ఈ గడి ఖాళీగా వదిలారేంట్రా, రాత్రంతా లారీలు ఇక్కడే దింపుతాయి" అని వేలు పెట్టి చూపించాడు. మర్నాడే వెళ్లి ఆ డిపోను చేర్చాం. నాకు ఈ ఏడాదిలో అంతకంటే మంచి రోజు లేదు.

బాధ కూడా చెప్పాలి. బొగ్గు వాడకం లెక్కల కోసం ఒక కార్యాలయానికి మూడుసార్లు అర్జీ పెట్టాం, రసీదు తప్ప జవాబు రాలేదు. లెక్క దొరకని గళ్లను అడ్డగీతలు కొట్టి వదిలాం, ఊహించి నింపలేదు. వాట్సాప్‌లో "నేను వస్తా" అన్నవాళ్లలో సగం మంది ఎండలో కనిపించలేదు. వచ్చిన ఇంటర్ పిల్లలే చెప్పులు అరిగేలా తిరిగారు. పేరుపేరునా వాళ్లకు దండం.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. చందా బాకీలున్నవాళ్లు ఈరోజే కట్టండి.

సైడింగ్ వెనక గళ్లు ఇంకా మిగిలాయి. వానలు పడితే ధూళి అణిగి ఏదీ కనపడదు. వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి మందిరం దగ్గరికి రండి.

ఇట్లు,
కార్యదర్శి