సురక్ష క్లినిక్‌లోని అక్కకు చేతులెత్తి నమస్కారం

పాప పుట్టి ఈరోజుకి 12 రోజులు. వరసగా రెండు గంటలు నిద్రపోయి ఎన్నాళ్లయిందో. అయినా ఇప్పుడే రాసేయాలి, మళ్లీ ఇంత ధైర్యం రాదు. పేరు చెప్పలేకపోతున్నాను, క్షమించండి.

ఐదో నెలలో జననాంగాల దగ్గర నీటి పొక్కులు లేచి పుండ్లయ్యాయి. జ్వరం, గజ్జల్లో బిళ్లలు. మూత్రానికి వెళ్లాలంటే ఏడుపొచ్చేది. మొదట వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టరు నర్సు ముందే "మీ ఆయన ఎలాంటివాడు?" అని అడిగారు. ల్యాబ్‌లో నా పేరుతో పాటు హెర్పిస్ టెస్టు అని కూడా గట్టిగా పిలిచారు. హెర్పిస్ అంటే కలయిక వల్ల అంటుకునే వైరస్ జబ్బు. హాల్లో ఉన్నవాళ్లంతా తలెత్తి చూశారు. ఐజీఎం అనే యాంటీబాడీని చూసే ఆ రక్తపరీక్షకు రెండు వేలు పైనే కట్టాం. అది నమ్మదగ్గది కాదని, పుండు మీద దూదిపుల్లతో స్వాబ్ తీసి, వైరస్‌ను నేరుగా పట్టే పీసీఆర్ పరీక్ష చేయాలని తర్వాత తెలిసింది. టెస్టు రాసే చేతికి ఐదు నిమిషాలు మాట్లాడే ఓపిక ఎందుకుండదు? ఆ వారమంతా నేనూ మా ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

తర్వాత ప్రభుత్వాసుపత్రికి వెళ్లాం. అక్కడ ఇలాంటి లైంగిక వ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లో కౌన్సెలర్ అక్క ముందు తలుపు మూసింది. నేను కుర్చీ అంచున ఒక పక్కకి ఒరిగి కూర్చోవడం చూసింది. ఏమీ అడగలేదు. మెడలో చున్నీ తీసి నాలుగు మడతలు వేసి కుర్చీలో పరిచి, "ఇప్పుడు కూర్చో తల్లీ" అంది. అంతే, అన్ని రోజులూ బిగపట్టుకున్న ఏడుపంతా బయటికొచ్చేసింది. అయ్యేదాకా నా వీపు నిమురుతూ నిలబడింది.

తర్వాత మా ఆయన్నీ పిలిచి చెప్పింది. ఈ వైరస్ వెన్ను కింది నరాల్లో ఏళ్లకేళ్లు చప్పుడు లేకుండా ఉండగలదట. ఎవరికి ఎప్పుడు వచ్చిందో ఈ పుండ్లను చూసి చెప్పలేమట. పెదవి మీద పొక్కులు తెచ్చే వైరస్ వల్ల కూడా ఇది రావచ్చట. ప్రపంచంలో 15 నుంచి 49 ఏళ్లవాళ్లలో ఐదుగురిలో ఒకరికి ఉందట, చాలామందికి తెలియనే తెలియదట. "పూర్తిగా పోదు, కానీ అదుపులో ఉంటుంది. పుండ్లున్నప్పుడు కలవకండి, మిగతా రోజుల్లో కండోమ్ వాడండి" అంది. గోరువెచ్చని నీళ్లు పోసుకుంటూ మూత్రానికి వెళ్తే మంట తగ్గుతుందని కూడా ఆమే చెప్పింది. ఆ ఒక్క మాట ఎంత మేలు చేసిందో!

డాక్టరమ్మ వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ 400 మాత్రలు రాశారు, రోజుకు మూడు చొప్పున ఏడు రోజులు. కాన్పు దగ్గరలో మొదటిసారి వస్తే బిడ్డకు ప్రమాదం ఎక్కువని, నాకు ఇంకా టైముందని చెప్పారు. 36వ వారం నుంచి మళ్లీ రోజూ వేసుకోవాలని ఆ అక్క ఫోన్ చేసి మరీ గుర్తుచేసింది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగమట, జీతం నెలల తరబడి రాదని బయట ఎవరో అనుకుంటుంటే విన్నాను. ఇలాంటి మనిషికి కూడా సమయానికి జీతం ఇవ్వలేరా?

నొప్పులొచ్చిన రోజు డ్యూటీ డాక్టరు లైటు వేసి జాగ్రత్తగా చూసి, పుండ్లు లేవు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నార్మల్ డెలివరీ. పాప బాగుంది.

అమ్మకీ, ఆయనకీ వేరే చెప్పాలా.

అయ్యో, లేబర్ రూమ్‌లో రాత్రంతా నా చెయ్యి వదలని ఆయమ్మను మర్చిపోయాను. రిపోర్టు బోర్లా తిప్పి ఇచ్చిన ల్యాబ్ తమ్ముడికీ థాంక్స్. ఇంకా ఆ ఆటో అన్న. నాకేమైందో తెలియదు, అడగలేదు. నేను ఒక్కసారి అబ్బా అన్నందుకు, ఇంటిదాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా దాదాపు ఆపి, మెల్లగా దాటించాడు.