అడవి దారిని జేసీబీకి అప్పగించకండి: అటవీ శాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మాది కడప జిల్లా. సిద్దవటం వైపు, లంకమల కొండల కింద ఉండే ఊరు. డిగ్రీ అయ్యాక నేను ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న రోజుల్లో మా ఊరి పక్కన అడవి అంచున ఎకో పార్కు పని మొదలైంది. కొండ మీదికి నడక దారులు వేయడానికి మా ఊరి వాళ్లనే 14 మందిని పెట్టుకున్నారు. మస్టర్ (కూలీల హాజరు పట్టీ) రాయడానికి, కొలతలు పట్టడానికి నన్ను తీసుకున్నారు. రెండున్నర నెలల్లో ఒకటిన్నర కిలోమీటరు దారి వేశాం. రెండో విడత పని మాకు రాలేదు, ఒక కాంట్రాక్టరుకు పోయింది. ఇప్పుడు ఆ రెండు దారులూ ఒకే కొండ మీద ఉన్నాయి. మిగిలిన 2 కిలోమీటర్లకు ఈ వేసవిలోనే టెండరు పిలుస్తారని అనుకుంటున్నారు. అది పిలవకముందే మీకు ఈ నాలుగు మాటలు చేరాలని రాస్తున్నాను. పార్కు పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఎవరి మీదో చర్య తీసుకోమని అడగడానికి కాదు ఈ ఉత్తరం.

ముందు మా జట్టు గురించి చెప్పాలి. 2006 ఫిబ్రవరి 2న మన సీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. అప్పటి నుంచి మా ఊరి ఆడవాళ్లు కొండ వాలు మీద ఎన్ని కందకాలు తవ్వారో లెక్కే లేదు. వాన నీళ్లు ఉరికి కిందికి పోకుండా, కొండను అడ్డంగా చుట్టుకుంటూ ఒకే మట్టంలో తవ్వే కందకాలు అవి. అడవిలో నడక దారి వేయడానికి కావలసిన నేర్పులో సగం అదే. ఆ సగం మా పిన్నమ్మలకు, వదినలకు ఎవరూ నేర్పనక్కర లేకుండానే చేతుల్లో ఉంది. జట్టులో మా చిన్నాయన తాపీ మేస్త్రి. మట్టం చూడటానికి నీళ్లు నింపిన ట్యూబ్ లెవెల్ ఒక కొస ఆయన పట్టుకుంటే ఇంకో కొస నేను పట్టుకునేదాన్ని. అందరికంటే ముందు నడిచింది మాత్రం మా అబ్బ, అంటే మా తాత. 40 ఏళ్లు మేకలు తోలిన మనిషి.

మొదటి రోజు పార్కు పని చూసే సారు కింద నుంచి వ్యూ పాయింట్ బండ వైపు చెయ్యి చూపించి, "తిన్నగా అట్లా పోనీయండి, దగ్గరవుతుంది" అన్నారు. అబ్బ కాసేపు కొండ వంక చూసి నాతో అన్నాడు: "ముందు నీళ్లు యాడికి పోతాయో చూడు పాపా. మనుషులు తర్వాత పోతారు."

దారి వేయడం గురించి నేను తెలుసుకున్నదంతా ఆ ఒక్క మాట చుట్టూనే ఉంది. కొండకు నిలువుగా దారి తీస్తే అది దారి కాదు, నీళ్లు పారే వంక అవుతుంది. వాన నీళ్లు అందులోకి దిగి మట్టిని కోసుకుంటూ పోతాయి. అందుకే దారి కొండకు అడ్డంగా, మెల్లగా ఎక్కుతూ పోవాలి. పది అడుగులు నడిస్తే ఒక అడుగుకు మించి ఎత్తు ఎక్కకూడదు. పల్చటి వాలు ఉన్నచోట అది కూడా ఎక్కువే, ఆ వాలులో సగం దాటకుండా చూసుకోవాలి. ఈ లెక్క ఎక్కడి కొండ దారులకైనా ఒకటేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. అబ్బ దాన్ని లెక్కగా చెప్పలేదు. మేకల మంద ఎట్లా పోతుందో అట్లా నడిచి చూపించాడు. ఆయన నడిచిన చోటల్లా పాత చీర పీలికలు రేగు కొమ్మలకు, బలుసు కొమ్మలకు కట్టుకుంటూ పోయాం. మర్నాడు ట్యూబ్ లెవెల్ పెట్టి చూస్తే పీలికలు రెండు చోట్ల తప్ప ఎక్కడా మార్చాల్సిన పని పడలేదు.

తర్వాత తవ్వకం. గడ్డపార, పార, సమ్మెట, కొడవలి, తట్ట. ఇంతకు మించి మా దగ్గర ఏమీ లేవు. కొండ వైపు కోసి దారి తీశాం, కోసిన మట్టిని దారికి వాడలేదు. కొత్తగా పోసిన మట్టి ఒక్క వానకు జారుతుంది. కొండలో ఎప్పటి నుంచో గట్టిపడి ఉన్న నేల మీదనే కాలు పడాలి. దారి వెడల్పు 3 అడుగులు. ఒకరి వెనక ఒకరు పోవడానికి అది చాలు. పైగా దారి నేల లోయ వైపు కొద్దిగా వాలి ఉండాలి, కంటికి తెలియనంత. అది సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి మా పిన్నమ్మ ఒక చెంబుతో నీళ్లు తెచ్చి దారి మీద పోసేది. నీళ్లు అడ్డంగా జారి లోయలోకి పోతే పని అయినట్టు. దారి వెంబడి పారితే మళ్లీ పార పట్టాల్సిందే. అంతే కాకుండా, ఏ ముప్పై అడుగులకో ఒకచోట దారి కాస్త దిగి మళ్లీ ఎక్కేలా చేశాం. ఎంత పెద్ద వాన వచ్చినా నీళ్లు ఆ పల్లం దగ్గర ఆగి బయటికి పోతాయి, ముందుకు ఉరకవు.

ఒక చోట దారి అంచు కూలేలా ఉంటే రాతి కట్టు కట్టాం. సిమెంటు ఒక్క బొచ్చెడు కూడా వేయలేదు. అడుగున పెద్ద రాళ్లు, ప్రతి రాయీ కొండ వైపు ఒరిగేలా, కింద వరుస అతుకు మీద పై వరుస అతుకు పడకుండా పేర్చి, సందుల్లో చిప్పరాళ్లు కొట్టారు. 11 అడుగుల పొడవున్న ఆ కట్టుకు మూడు రోజులు పట్టింది. మూడో రోజు సాయంత్రం చిన్నాయన దాని మీద ఎక్కి రెండు కాళ్లతో గట్టిగా దూకాడు. ఒక్క రాయి కదల్లేదు.

రెండో విడత పని ఎనిమిది రోజుల్లో అయిపోయింది. జేసీబీ వచ్చింది. 10 అడుగుల వెడల్పున పొదలన్నీ వేళ్లతో సహా పెకలించి, తిన్నగా కొండ మీదికి తోవ తీసి, దాని మీద సిమెంటు టైల్స్ పరిచారు. ఫోటోలో చూస్తే బాగుంది. రంగురంగుల టైల్స్, రెండు వైపులా తెల్ల సున్నం కొట్టిన రాళ్లు. నవంబరు వానలు వచ్చాయి. ఒక్క రాత్రి వానకు టైల్స్ కింద మట్టి కొట్టుకుపోయి, నడి భాగంలో నా మోకాలి లోతు గాడి పడింది. టైల్స్ వచ్చి కింద వంకలో పడ్డాయి. మా దారిలో రెండు చోట్ల ఆకులు అడ్డం పడి నీళ్లు నిలిచాయి. పారతో రెండు గంటల పని. వానంటే ఏమిటో మా ప్రాంతం వాళ్లకు కొత్తగా చెప్పనక్కర లేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లకు ఊళ్లు మునిగిన ఆ తెల్లవారుజామును ఎవరూ మరిచిపోలేదు. ఏడాదంతా ఎండిపోయి ఉండి, మూడు రోజుల్లో ముంచెత్తే నేల ఇది. ఇక్కడ నీళ్ల దారి తెలియకుండా ఏ దారీ వేయకూడదు.

అయ్యా, ఇందులో నన్ను ఎక్కువ బాధ పెట్టేది టైల్స్ కాదు, ఆ పెకలించిన పొదలు.

మీకు తెలియనిది కాదు, మా లంకమల అడవి కలివి కోడి ఇల్లు. 1900లో అనంతపురం దగ్గర చూసిన తర్వాత ఆ పిట్ట ఇక లేదనే లోకం అనుకుంది. 86 ఏళ్ల తర్వాత, 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర మళ్లీ కనబడింది. దాన్ని వెతుకుతూ శాస్త్రవేత్తలు వచ్చిన మాట నిజం. కానీ రాత్రిపూట టార్చి లైటు వేసుకుని పోయి దాన్ని పట్టి తెచ్చింది ఇక్కడే పిట్టలు పట్టి బతికే ఒక మనిషి. రెండేళ్లకు లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తర్వాత ఆ పిట్ట కోసమే తెలుగుగంగ కాలువను కూడా పక్కకు తిప్పారు. అది రాత్రి తిరిగే పిట్ట. ఎగరడం కంటే నేల మీద పరుగెత్తడం ఎక్కువ. కలివి పొదలు, రేగు పొదలు, వాటి మధ్య ఖాళీ జాగాలు, ఇవి ఉంటేనే అది బతుకుతుంది. మా జట్టు వాళ్లు దారికి అడ్డం వచ్చిన కొమ్మను కోశారు కానీ పొదను పీకలేదు. వంగి పోవలసిన చోట దారినే వంచాం. జేసీబీకి పొదకూ పొదకూ తేడా తెలియదు. ఎర్రచందనం మొలక కూడా దానికి ముల్లు చెట్టే. ఈ చెట్టు ప్రపంచంలో మరెక్కడా సొంతంగా మొలవదు, మన శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండల చుట్టుపక్కల తప్ప. అట్లాంటి చోట ఇనుప తొట్టితో నేల చెక్కడం ఏమిటని మా పిన్నమ్మ ఆ రోజు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

2023లో అటవీ సంరక్షణ చట్టానికి వచ్చిన సవరణ తర్వాత ఎకో టూరిజం పనులకు వెసులుబాటు పెరిగింది. ఇలాంటి పార్కులు ఇంకా వస్తాయి. రానివ్వండి, మాకు సంతోషమే. పట్నం పిల్లలు మా కొండ ఎక్కి చూడాలని మాకూ ఉంది. శివరాత్రికి నిత్యపూజకోనకు నడిచే జనాన్ని చూస్తూ పెరిగిన వాళ్లం మేము, అడవిలో మనిషి నడవకూడదని మేము ఎప్పుడూ అనలేదు. ఎట్లా నడవాలన్నదే మా మాట.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. అడవి అంచున, అడవి లోపల వేసే నడక దారుల పనిని టెండరులో పెట్టకండి. ఊళ్లలో వన సంరక్షణ సమితులు ఉన్నాయి. వాటి ద్వారా ఆ ఊరి జట్టుకే మస్టర్ మీద పని ఇవ్వండి. పని ఉత్తర్వులోనే జేసీబీ వాడకూడదని, సిమెంటు పరచకూడదని రాయించండి. దారి గీత గీసేటప్పుడు ఆఫీసులో మ్యాపు మీద గీసి పంపకుండా, అక్కడ పశువులు తోలిన వాళ్లతో కలిసి నడిచి గీయమని మీ సిబ్బందికి చెప్పండి. చీకటి పడ్డాక ఏ దారిలోనూ మనుషులు ఉండకూడదు, లైట్లు పెట్టకూడదు. ఆ రాత్రి కలివి కోడిది.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను గట్టిగా అడుగుతున్నాను. దారి వేయడం ఒకసారి ఖర్చు, దాన్ని నిలబెట్టుకోవడం ఏడాదంతా ఉండే పని. వానకు ముందు పల్లాల్లో ఆకులు తీయాలి, వాన వెలిశాక కోత పడిన చోట పూడ్చాలి, వేసవిలో ఎండుగడ్డి కోసి నిప్పు రాకుండా చూసుకోవాలి. 3 కిలోమీటర్ల దారికి నలుగురు మనుషులు చాలు. ప్రారంభోత్సవానికి బడ్జెట్ ఉంటుంది, ఈ నలుగురికి మాత్రం ఉండదు. ఆ నలుగురిని జీతం మీద పెట్టండి. అందులో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, ఎందుకంటే మా దారిలో తట్టలు మోసిన వాళ్లలో సగం పైగా వాళ్లే. కూలి కూడా వేళకు ఇప్పించండి. ఉపాధి చట్టంలో 15 రోజుల్లో ఇవ్వాలని ఉంది. మాకు ఈ పార్కు పని కూలి అందడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ మస్టర్ నా దగ్గర ఉంది కాబట్టి ప్రతి ఇంటి వాళ్లూ వచ్చి నన్నే అడిగారు. మా అబ్బ మాత్రం అడగలేదు. ఆయన మందుబిళ్లలు మానేశాడని తర్వాత తెలిసింది.

మీరు ఒక్కసారి రండి. శంకుస్థాపనకు కాదు, మామూలుగా. మంచి వాన పడిన మర్నాడు పొద్దున్నే వస్తే రెండు దారులూ మీకే కనబడతాయి. మా దారి మొదట్లో ఒక తంగేడు చెట్టు ఉంది, దాని కొమ్మకు ఒక పసుపు చీర పీలిక ఇంకా అట్లాగే ఉంది. అక్కడ నుంచి అబ్బ మీకు దారి చూపిస్తాడు. టెండరు సంగతి మాత్రం అంతవరకు ఆపించండి.

ఇట్లు,
దారి పనిలో మస్టర్ రాసిన కడప జిల్లా ఆడబిడ్డ