ఒకే స్కోరు, రెండు తలుపులు

సంపాదకుడు గారికి,

అమెరికాలో పేరున్న కాలేజీల్లో సీటు ప్రతిభకే దక్కుతుందని నమ్మేవారు ఆర్థికవేత్తలు రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో వెలువరించిన అధ్యయనం చదవాలి. హార్వర్డ్, యేల్, స్టాన్‌ఫర్డ్ వంటి 12 ప్రైవేటు సంస్థలను వారు పరిశీలించారు. కాలేజీ ప్రవేశానికి రాసే శాట్, యాక్ట్ పరీక్షల్లో అదే స్కోరు తెచ్చుకున్న మధ్యతరగతి పిల్లలకంటే, అత్యంత సంపన్నులైన ఒక శాతం కుటుంబాల పిల్లలు అక్కడ చేరే అవకాశం రెట్టింపుకు మించి ఉంది!

పూర్వ విద్యార్థుల సంతానానికి ప్రాధాన్యం, క్రీడాకారుల ఎంపిక, చదువుతో సంబంధం లేని అర్హతలకిచ్చే విలువ ఇందుకు కారణాలని తేల్చారు. వీటిలో నన్ను బాగా బాధించేది మొదటిది. తండ్రి చదివిన చోట కొడుక్కి ముందు వరుసలో చోటివ్వడం ఆస్తి పంపకమే. (స్కోరు వెనకా డబ్బుంటుంది, మంచి శిక్షణ కొనుక్కోవచ్చు. అయినా పరీక్ష రాయాల్సింది ఆ పిల్లే కదా.)

ఎంఐటీ ఈ ప్రాధాన్యం ఇవ్వదు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం మానేసింది. వాటి పరువేమీ తగ్గలేదు. ప్రైవేటు కాలేజీల్లోనూ దీన్ని నిషేధిస్తూ కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. ఇంకా చేయని రాష్ట్రాలు ఆలస్యం చేయకూడదు.

– ఒక పాఠకురాలు