కెమెరా సంగతి

పెరంబూరు,
ఆదివారం రాత్రి

చి. సుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్ చేసి పన్నెండు రోజులైంది. పనిలో మునిగి ఉంటుందిలే అని మీ అమ్మకు చెబుతున్నాను. మెసేజ్ పెడితే ‘బాగున్నా నాన్నా’ అని రెండు ముక్కలు వస్తున్నాయి. అందుకే కాగితం తీశాను. మంగళవారం బుజ్జిగాడు బెంగళూరు వస్తున్నాడు, వాడి చేతికిస్తాను. వానలు తగ్గాయి, మేడ మీద ట్యాంకు కడిగించాం. సీతత్త మోకాలి ఆపరేషన్ వద్దని మొండికేసింది. పోయిన నెల పంపిన గోంగూర పచ్చడి అందిందో లేదో చెప్పనేలేదు. తడి చెంచా పెట్టకు, బూజు పడుతుంది.

బుజ్జిగాడే మొన్న ఒక ఫోటో చూపించాడు. పాత సామాన్లు అమ్మే యాప్‌లో నీ కెమెరా. లెన్సుతో కలిపి లక్షా పదివేలని రాసి ఉంది. నీది కాదేమో అన్నాను. కింద పరిచిన దుప్పటి చూసి మీ అమ్మ గుర్తుపట్టింది, అంచు చిరిగినచోట తను కుట్టిన ఎర్రదారం కనిపిస్తోందట. ఎందుకు అమ్ముతున్నావని అడగను. నీ వస్తువు, నీ ఇష్టం. అమ్మేటప్పుడు మోసపోకూడదన్నదే నా బాధ.

ముందు ఆ మూడో ఫోటో తీసెయ్యి. బిల్లు మొత్తం కనిపిస్తోంది, నీ పేరు, ఫోన్ నంబరు, పీజీ అడ్రసుతో సహా. ఆ బిల్లునే చూపించి, నీ పేరు చెప్పుకుని ఇంకొకరికి లేని కెమెరా అమ్మేవాళ్లున్నారు. సీరియల్ నంబరు కూడా కప్పెయ్యి.

ఇప్పుడు నీకు చెప్పని సంగతి ఒకటి చెబుతాను. అమ్మ వీణ కొనేవాడు రాలేదని అన్నాం కదా. వచ్చాడు. 2023లో, నువ్వు కొత్తగా మారతహళ్లి వెళ్లిన రోజులు. అమ్మకు వేళ్ల నొప్పులు ఎక్కువై, ఊరికే మూలన పడి ఉందెందుకు, ఎవరైనా వాయించుకునేవాళ్లకు పోనిమ్మంది. నలభై ఐదు వేలకు పెట్టాను. పెట్టిన గంటలో ఫోన్. హిందీలో మాట్లాడాడు, మిలిటరీ ఆఫీసరునన్నాడు. చెన్నై పక్కన ఆవడికి బదిలీ అయిందట, కూతురికి వీణ కావాలట. బేరమే ఆడలేదు. నాకు అక్కడే అనుమానం రావలసింది. యూనిఫాంలో ఫోటో, గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు అన్నీ పంపాడు. కూతురికి వీణ అన్నాడు కదా, నాకు నువ్వే గుర్తొచ్చావు.

డ్యూటీలో ఉన్నాను, మనిషిని పంపి తీసుకుంటాను, డబ్బు ముందే వేస్తానన్నాడు. ఒక క్యూఆర్ కోడ్ పంపి, ‘ఐదు రూపాయలకు స్కాన్ చెయ్యండి సార్, పది వస్తాయి’ అన్నాడు. చేశాను. నిజంగానే పది వచ్చాయి. తరవాత ఇరవై వేల కోడ్ పంపాడు. పిన్ కొట్టాను. ఖాతాలోంచి ఇరవై వేలు పోయాయి. చెబితే, ‘సర్వర్ ఇరుక్కుంది సార్, ఇంకోసారి కొడితే మొత్తం కలిపి వస్తుంది’ అన్నాడు. కొట్టాను. మీ అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. నా మొహం చూసి గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఏమైందని అడగలేదు.

కింది వాటా మామిగారి అబ్బాయి వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించాడు. పది నిమిషాల్లో చెప్పాం కాబట్టి రెండో ఇరవై వేలు దారిలో ఆగాయి, కొన్ని నెలలకు తిరిగి వచ్చాయి. మొదటివి పోయాయి. వీణ దేవుడి గది పక్కనే ఉంది. నువ్వు దిగులు పడతావని చెప్పలేదు. దాచడం తప్పే.

కాబట్టి విను. డబ్బు పుచ్చుకోవడానికి స్కాను అక్కర్లేదు, పిన్ అసలే అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతుంది, అంతే. మనుషుల మధ్య రిక్వెస్ట్ పంపి డబ్బు లాగే పద్ధతిని 2025 అక్టోబరు 1 నుంచి, యూపీఐ నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపించింది. కోడ్ మోసానికి ఆ అడ్డు లేదు, స్కాన్ చేసేది మన చెయ్యే కదా. వాడు చూపించే స్క్రీన్‌షాట్ నమ్మకు, ఫోన్‌కి వచ్చిన మెసేజ్ కూడా నమ్మకు. నీ బ్యాంకు యాప్ నువ్వే తెరిచి బ్యాలెన్స్ చూసుకో. పొరపాటున ఎక్కువ వేశాను, మిగతాది వెనక్కి పంపండి అంటే ఒక్క రూపాయి పంపకు.

ఇంకొకటి. డబ్బు పంపిన ఖాతా పేరు, ఎదురుగా నిలబడ్డవాడి పేరు ఒకటే కావాలి. ఎక్కడో ఇంకెవరినో మోసం చేసి వాళ్ల చేత నీ ఖాతాలో వేయించి, కెమెరా పట్టుకుపోతారు. ఆ డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఫిర్యాదు చేస్తే ఆ సొమ్ము ఆపేస్తారు, ఒక్కోసారి నీ ఖాతానే ఆగిపోతుంది. జీతం పడే ఖాతా అమ్మలూ. జీతం సరిగ్గా పడుతోంది కదా?

పీజీకి ఎవరినీ రానివ్వకు. పగలు, మీ బ్యాంకు బ్రాంచిలో కలవమను. నోట్లు ఇస్తే అక్కడే జమ చేయించు. కెమెరా, లెన్సు నంబర్లు రెండూ రాసి రసీదు మీద సంతకం పెట్టించుకో. చూస్తానని చేతిలోకి తీసుకుని పాత లెన్సు తగిలించి ఇచ్చేవాళ్లున్నారు, చెయ్యి మీదే కన్నుండాలి. ముందురోజే అన్నీ పనిచేస్తున్నట్టు వీడియో తీసి పెట్టుకో. మెమరీ కార్డు మాత్రం ఇవ్వకు. చెరిపేసిన ఫోటోలు కూడా బయటికి తీస్తారట. తాతయ్య ఆఖరి ఫోటోలు అందులోనే ఉన్నాయి.

చాలా రాశాను. ఆ కెమెరా కొన్న రోజు రాత్రి పెట్టె పక్కనే పెట్టుకుని పడుకున్నావు. అందుకే ఎందుకని అడగనన్నవాణ్ణి అడుగుతున్నాను. ఉద్యోగంలో ఏదైనా ఇబ్బందా? ఎవరికైనా బాకీ ఉన్నావా? ఎంతైనా సరే, నేను, మీ అమ్మ చూసుకుంటాం. ఏమీ లేదు, విసుగొచ్చి అమ్ముతున్నానంటే అదీ చెప్పు.

శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీశాను. కొనేవాడెవరైనా ఉంటే నేను వచ్చాకే రమ్మను, పక్కన కూర్చుంటాను. మీ అమ్మ జంతికలు చేస్తోంది. ఆ దుప్పటి ఉతకలేదట చూస్తే, తెచ్చెయ్యమంది. ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి, రాత్రి పదకొండైనా పర్వాలేదు.

ఇట్లు,
నాన్న